రెక్క మీది సుద్దగీత

నాయనా,

నీ పాదాలకు దణ్ణం పెట్టుకుని నాగమణి రాస్తోంది. నేను బాగున్నాను. నీ దగ్గు తగ్గిందని తమ్ముడు చెప్పాడు గానీ వాడి మాట నేను నమ్మను, నువ్వే నీ చేత్తో రాయి. అమ్మ మోకాలి సంగతి కూడా దాచకుండా రాయి. లారీ షెడ్డులో ఇంజన్ల మోతకు పోయిన నీ చెవులకు ఫోన్లో సగమే వినపడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఈ ఉత్తరం.

ఈ మహారాష్ట్ర ఊరికి వచ్చి ఐదు నెలలైంది. పొద్దున్నే విమానాల షెడ్డు తలుపులు తీసేటప్పుడు చలికి చేతులు కొంకర్లు పోతాయి. పని బాగానే ఉంది. పిల్లలు విమానం నడపడం నేర్చుకుంటారు, ఇంజన్లు చూసుకునేది మేము. హాస్టల్ పాలల్లో సగం నీళ్లేనని నా అనుమానం. అయినా తింటున్నాను, బాగానే తింటున్నాను, అమ్మకు చెప్పు.

విమానాలకు పెట్రోలు పట్టే ఆంజనేయులన్న మనవాడే. మొదటి రోజే నా మాట యాస పట్టుకుని, "గుంతకల్లా పాపా నీది? నాది గుమ్మఘట్ట. నేనుండంగా నువ్వీడ పస్తుండే పనే ల్యా" అన్నాడు. అప్పటినుంచి రోజూ తన సంచిలోంచి జొన్నరొట్టె, నంజుకోను ఊరిబిండి తీసి నాకూ పెట్టేవాడు. ఆయన చేతి తిండే లేకపోతే మొదటి నెలలోనే రైలెక్కేసేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. స్కూలుకు టర్బో ఉన్న విమానం ఒకటి కొత్తగా వచ్చింది. సాయంత్రం ట్యాంకు నింపి పెడతాడు అన్న. మరుసటి రోజు పిల్లలు మైదానం చుట్టూ నెమ్మదిగా తిరిగి దిగుతారు, అంతే. పాత విమానం అంతే సేపు తిరిగితే తాగే పెట్రోలు కంటే ఇది చాలా ఎక్కువ తాగుతోంది. టర్బో అంటే పొదుపు అని కదా నీ దగ్గర విన్నది! నా బుద్ధి నీకు తెలుసు. రాత్రికి రాత్రి ఎవరో తోడుతున్నారనుకున్నాను. అమ్మ నూనె డబ్బా మూతకు పసుపు గీత పెట్టదూ, ఎవరైనా తీస్తే తెలియాలని? నేనూ రెక్కలో ఉండే ట్యాంకు మూతకూ ఆ రెక్కకూ కలిపి సుద్దముక్కతో సన్నగీత గీశాను. ట్యాంకు అడుగున చేరిన నీళ్లు తీసే చిన్న కుళాయికీ ఒకటి గీశాను.

రోజూ ట్యాంకు నింపాక గీసి, నాలుగు పొద్దులు చూశాను. గీత చెరగలేదు. అక్కడితో ఊరుకోవచ్చు కదా? లేదు. అన్నే తుడిచి మళ్లీ గీశాడేమో, షెడ్డు తాళం ఉండేది ఆయన దగ్గరే కదా అనుకున్నాను! పోయి పెద్ద ఇంజనీరుకు చెప్పేశాను. అన్న సంచిలో రోజూ నీళ్ల క్యాను ఉంటుందని కూడా చెప్పాను.

అన్న దగ్గర తాళం తీసుకున్నారు. సాయంత్రం గేటు దగ్గర అందరి ముందు సంచి విప్పించి, క్యాను మూత తీసి వాసన చూశారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక వారం రోజులు ఆయన మైదానం ఊడ్చాడు. ఆ వారమంతా తాళం పెద్ద ఇంజనీరు జేబులోనే ఉంది. పెట్రోలు మాత్రం అంతే ఖర్చయింది.

అప్పుడు టీచరును బతిమాలి ఆ విమానంలో కూర్చుని, పెట్రోలు ఎంత పోతోందో చూపే ముల్లు మీదే కళ్లు పెట్టాను. ఇంజనును సగానికి సగం తగ్గించి తిప్పుతున్నా ముల్లు తగ్గాల్సినంత తగ్గలేదు. దిగాక పెద్ద ఇంజనీరు పుస్తకం తీసి చూపించాడు. టర్బో గాలిని దట్టించి పంపుతుంది కాబట్టి, ఇంజను కొట్టుకోకుండా సిలిండర్లో గాలిని నొక్కే కొలత ముందే తక్కువ పెడతారట. ఎత్తున, జోరుగా పోయేటప్పుడు అది లాభమే. నెమ్మదిగా తిరిగేటప్పుడు టర్బో పని చేయదు, ఆ తక్కువ నొక్కుడు మాత్రం అలాగే ఉంటుంది, పెట్రోలు దండగవుతుంది. దొంగ ఇంజనే, నాయనా. ఇంజన్లు చదువుకున్న నేను ఇంజను తప్ప అందరినీ అనుమానించాను.

తాళం అన్నకు తిరిగి ఇచ్చారు. నేను పోయి, "అన్నా, పెద్దాయనకు చెప్పింది నేనే. తప్పయిపాయ" అన్నాను.

"తెలుసులే పాపా. నా సంచిలో క్యానుండాదని నీకు తప్ప ఈడ ఎవురికి తెలుసు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఇప్పుడు ఆయన సంచి ఎవరూ చూడరు. అయినా రోజూ ఇంటికి పోయేముందు నా బల్ల దగ్గరికి వచ్చి, సంచి విప్పి, క్యాను మూత తీసి పెడతాడు. "చూడు పాపా, నీళ్లే" అంటాడు. వద్దన్నా వినడు. రొట్టె మాత్రం పెట్టడం లేదు.

నా చిన్నప్పుడు షెడ్డులో డీజిల్ తగ్గిందని నీ క్యారియర్ విప్పించారని అమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి నువ్వు క్యారియర్ పట్టుకుపోలేదు. ఎండలో ఇంటికి నడిచొచ్చి తిని పోయేవాడివి. నీ మీద చెప్పిందెవరో మాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను ఆ మనిషిని ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

అమ్మను ఊరిబిండి చేసి రెండు డబ్బాలు పంపమను, ఒకటి అన్నకు. అవ్వకు నా దణ్ణాలు చెప్పు, తమ్ముణ్ణి చదువుకోమను. నన్ను దీవించు, తిట్టాలనిపిస్తే తిట్టు కూడా. ఒక్కటి మాత్రం తప్పకుండా రాయి నాయనా. నీ మీద చెప్పిన ఆ మనిషి ఎప్పుడైనా నీ దగ్గరికి వచ్చి ఉంటే, ఏం చేస్తే నువ్వు మళ్లీ క్యారియర్ పట్టుకుపోయేవాడివి?

నీ బిడ్డ,
నాగమణి