డంబెల్స్ కింద నెమలి

జగన్ తమ్మీ,

ఎయిర్‌పోర్టు ట్రిప్పులు అయిపోయి ఇంటికి రాంగనే డంబెల్స్ ఏవని పరేషాన్ గాకు. నేనే తీసుకున్న. కిటికీ కాడ చెక్కపలక మీద పెట్టిన. వాటిని ఎత్తకు. కొన్నప్పటి సంది ఎన్నడూ ఎత్తలే గద, ఇయ్యాల గూడ ఎత్తకు.

పలక కింద రాజేంద్రనగర్ మంగాదేవి మేడమ్ బ్యాగుకు కుట్టే తోలు మూత ఉన్నది. తోలు తడిపి, దాని మీద సుత్తితోని నెమలిని కొట్టిన. గట్ల డిజైన్ కొట్టిన తోలు బరువు కింద ఆరకపోతే అంచులు లేచి వంకర తిరుగుతది. పోయినసారి నువ్వు "పాపం, తడిగున్నది" అని మిద్దె మీద ఎండల వెట్టినవ్. నెమలి అప్పడం లెక్క ముడుచుకున్నది. మేడమ్ దాన్ని అటు ఇటు తిప్పి చూసి, "కోడి చాలా బాగుందమ్మా" అన్నది. మళ్ల గట్లయితే ఈసారి నీ తోలు తీసి దాని మీద కొడత నెమలిని.

నేను బకల్స్ కోసం బుద్వేల్ పోతున్న. పొద్దుమీకి వస్త. పప్పుచారు పొయ్యి మీద ఉన్నది, వేడి చేసుకొని తిను. గిన్నె తెచ్చి పలక మీద మాత్రం పెట్టకు.

మాధవక్క

ఇంకోటి. నెమలి పక్కపొంటి పొడుగు పట్టీ కనవడితే గుంజకు. అది నీ బెల్టే. పుట్టినరోజుకని దాచిన, ఇగ చెప్పేసిన. ఇప్పటి నీ నడుముకు ఒక బెజ్జం కొట్టిన. దానికన్న లోపలికి, బిగుతుగ, ఇంకో రెండు గూడ కొట్టిన. తోలు ఆరినంక డంబెల్స్ ఎత్తు.