ముడి విప్పే వేడి

కరీంనగర్ ఆసుపత్రి,
ఆదివారం.

బావకు సంధ్య నమస్కారాలు. నువ్వక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ అత్తమ్మ బాగానే ఉంది, నేనూ లేచి తిరుగుతున్నాను. పాప సంగతి కొంచెం ఆగి రాస్తాను. ఫోనులో మాట్లాడేటప్పుడు అత్తమ్మ పక్కనే ఉంటోంది. అందుకే సెలవుకు వచ్చి మస్కట్ తిరిగి వస్తున్న నర్సన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

అతనితో పంపిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి జవాబులు. మన కోరుట్లలో ఇంకా వాన పడలేదు. సిరిసిల్ల నుంచి మా అమ్మ వచ్చింది, పాపకు మెత్తటి పాతచీరలు చింపి తెచ్చింది. ఇంకా వాటితో పని పడలేదు. నెలలు నిండకుండా ఎందుకు పుట్టింది, బరువులు ఎత్తావా అని అడిగావు. ఎత్తలేదు బావా.

మొన్నటి ఎండలకు నాకు చల్లటిది తప్ప ఏదీ సయించేది కాదు. అత్తమ్మ ఖర్బూజ కోసి ఫ్రిజ్‌లో దాచి, తాను ముట్టకుండా నాకే పెట్టేది. "తిను బిడ్డా, సల్లగుంటది, కడుపుల పానానికి గూడ మంచిది" అనేది. తర్వాత జ్వరం, ఒళ్లునొప్పులు. త్వరగానే తగ్గితే ఎండదెబ్బ అనుకున్నాం. ఆ తర్వాత కడుపులో కదలిక మందగించింది. కాన్పు సంగతి నీకు తెలుసు.

తెలియనిది ఇది. నా రక్తంలోనూ పాప రక్తంలోనూ లిస్టీరియా అనే బ్యాక్టీరియా దొరికింది. జగిత్యాల కాలేజీలో ఏటా దాని పాఠం చెప్పేది నేనే. అది ఫ్రిజ్‌లో చావదు, మెల్లగా పెరుగుతుంది. దానిలో ఆర్‌ఎన్‌ఏ అనే సన్నటి పోగు ఒకటి, చల్లగా ఉన్నంతసేపూ తనమీద తానే మడతపడి ముడిలా ఉంటుంది. హాని చేసే ఆజ్ఞ ఆ ముడిలో మూసుకుని ఉంటుంది. మన ఒంటి వేడి తగిలితే మడత విడిపోతుంది, ఆజ్ఞ పని మొదలుపెడుతుంది. పాపను పెట్టిన గాజుపెట్టె వేడిని నర్సు సరిచేసినప్పుడల్లా నాకు ఆ ముడే గుర్తొస్తోంది. పాప బతకడానికి ఎంత వెచ్చదనం కావాలో, దానికీ అంతే కావాలి.

అది మెదడు పొరలదాకా పాకింది బావా. మందు ఎక్కిస్తున్నారు. "ఇప్పుడే ఏం చెప్పలేనమ్మా, వాళ్ల నాయినను పిలిపియ్యుండ్రి" అన్నారు డాక్టరు.

నేను ఏమేం తిన్నానో ఆయన అడుగుతుంటే అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి వింది. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుంది.

"నేను వెట్టిన పండుతోనేనా బిడ్డా? నిజం జెప్పు."

పండువల్లే అని రుజువు లేదు. కానీ అది ఒంట్లోకి రావడానికి నాకు వేరే దారి కనబడలేదు.

"పండుతోని గాదత్తమ్మా. గది గాలిలకెల్లి అచ్చింది."

ఆమె నా చెయ్యి వదిలేసింది. "గా గాలి నేను గూడ పీల్చిన గదనే. మరి నాకెందుకు రాలే?"

అప్పటినుంచి ఆమె వార్డు బయట నేలమీదే కూర్చుంటోంది, లోపలికి రమ్మంటే రావడం లేదు.

సెలవు దొరికినా దొరకకపోయినా బయలుదేరు. అత్తమ్మ నిన్నూ అడుగుతుంది. నాదానికంటే మంచి అబద్ధం ఏదైనా దారిలో ఆలోచించుకుని రా.

ఇట్లు,
నీ బిడ్డ తల్లి,
సంధ్యారాణి