అడగని గడి

ఆగస్టు 18, సోమవారం

ఈ రోజు మీటింగ్‌లో నవ్వి నవ్వి నా నోరు మూయించారు.

ఆసుపత్రిలో రోగుల వివరాలన్నీ పాత డేటాబేస్ నుంచి కొత్త డేటాబేస్‌లోకి మార్చాలట. అక్టోబరు ఒకటికల్లా. ఆ తేదీయే ఎందుకయ్యా అంటే, డైరెక్టర్‌గారు మాజు అమ్మవారి గుళ్ళో శకునం చెక్కలు వేసి అడిగారట, అమ్మవారు సరేనందట. అమ్మవారిని అడిగారు. నన్నడగలేదు.

ఆ పాత డేటాబేస్‌ని ఇన్నేళ్ళూ చంటిబిడ్డలా సాకింది నేను. దాంట్లో ఏ టేబుల్‌కి ఏ రోగముందో నాకు తెలుసు. ఈ రెండూ వేర్వేరు కంపెనీల సరుకు, పైకి ఒకే భాష మాట్లాడతాయి గాని అలవాట్లు వేరు, ఒక్కో కాలమ్ విప్పి చూడాలి, ఆరు వారాలు ఏమూలకీ చాలవన్నాను. కాంట్రాక్టు కంపెనీ నుంచి తూ అనే కుర్రాడొచ్చాడు, సూటూ బూటూ వేసుకుని. ఇటు నుంచి ఎగుమతి, అటు దిగుమతి, మధ్యలో పాల టీ తాగి రావొచ్చక్కా అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మా మేనేజర్ లాన్ అందరికంటే గట్టిగా.

ఇంటికొచ్చాక కూడా ఆ నవ్వు చెవుల్లోంచి పోలేదు.

ఆగస్టు 27, బుధవారం, మధ్యాహ్నం

దొరికింది.

రోగికి ఏ మందులు పడవో రాసే కాలమ్ ఒకటుంది. నర్సు అడుగుతుంది. ఏమీ లేవని రోగి చెబితే ఖాళీగా వదిలి సేవ్ చేస్తుంది, పాత డేటాబేస్ దాన్ని ఖాళీ మాటగా దాచుకుంటుంది. అసలు అడగకపోతే ఆ గడిలో ఖాళీ మాట కూడా ఉండదు, నల్ ఉంటుంది. పాత స్క్రీన్ మీద మొదటిదానికి ఆకుపచ్చగా ‘ఏమీ లేవు’ అని వచ్చేది, రెండోదానికి ఎర్రగా ‘అడగలేదు’ అని.

కొత్త డేటాబేస్‌కి ఆ తేడా తెలీదు. ఖాళీ మాట ఇచ్చినా అది నల్ గానే తీసుకుంటుంది. దాని అలవాటు దానిది, దాన్ననను. కానీ రెండూ కలిసిపోయాక స్క్రీన్ మీద ఏం చూపించాలో తేల్చింది మనుషులు. తూ వాళ్ళ టీం అన్నిటికీ ఆకుపచ్చ ‘ఏమీ లేవు’ పెట్టేసింది! ఎందుకని అడిగితే, అంత ఎరుపు కనబడితే డెమోలో బాగుండదు కదక్కా అన్నాడు.

అడగని వాళ్ళందరికీ ఏ మందైనా పడుతుందని రాసి పెట్టారన్న మాట. రంగు బాగుండాలని.

ఆగస్టు 28, గురువారం

లాన్ గదికి వెళ్ళాను. నల్ అంటే ఆయన బుర్రకెక్కదని అన్నం డబ్బాతో చెప్పాను. మీరు డబ్బా మూత తీస్తే లోపల ఏమీ లేదు, అదొకటి. అసలు మీకు డబ్బాయే ఇవ్వలేదు, అదొకటి. రెండూ ఒకటేనా సార్ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఎలాగైనా తినడానికేమీ లేదుగా అన్నాడు.

వీడికి ప్రమోషన్ ఎవరిచ్చారు?

సెప్టెంబరు 9, మంగళవారం

పరిష్కారం రాసిచ్చాను. కొత్త టేబుల్‌లో ఇంకొక్క కాలమ్ చాలు: అడిగారా, లేదా. మార్చేటప్పుడే పాతదాన్ని చూసి నింపేయొచ్చు. ఇంత చిన్న పని. అది కాంట్రాక్టులో లేదన్నాడు తూ. ప్రారంభోత్సవం అయ్యాక చూద్దామన్నాడు లాన్. ఆయన ‘చూద్దాం’ అన్న పని ఇంతవరకూ చూసిన పాపాన పోలేదు.

సెప్టెంబరు 15, సోమవారం

హెడ్ నర్సు వూ అక్కకి చెప్పాను. క్యాంటీన్‌లో చేపల ఉండల సూప్ తాగుతోంది. నేను చెప్పింది వినగానే చెంచా బల్ల మీద కొట్టింది. మా పిల్లలు స్క్రీన్ నమ్మి సూది పొడుస్తారే, ఆ స్క్రీన్‌కే అబద్ధం నేర్పిస్తారా ఈ దరిద్రులు అంది. సూప్ అలాగే వదిలేసి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది, తిన్నగా డిప్యూటీ డైరెక్టర్ దగ్గరికి. ఆయన చాలా మర్యాదగా విన్నాడు. చాలా మర్యాదగా లేచి తలుపు తీశాడు.

బయటికొచ్చాక అక్క నాతో, యు-షియో, ఆ మర్యాద చూశావూ, మనం చెప్పింది చెత్తబుట్టలో పడిందన్న మాట అంది.

సెప్టెంబరు 17, బుధవారం

నన్ను ప్రాజెక్టు నుంచి తీసేశారు. ప్రింటర్లు చూసుకోవాలట.

సెప్టెంబరు 30, మంగళవారం

కొత్త సర్వర్ మీద ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టారు, యంత్రం బుద్ధిగా ఉండాలని. అందరూ పెట్టేదే, నేనూ పెట్టాను నా రోజుల్లో. కానీ పొట్లం తాజాగా ఉందో లేదో లాన్ మూడుసార్లు తిప్పి చూశాడే, అందులో ఒక్కసారి ఆ కాలమ్ వంక చూసుంటే!

అక్టోబరు 1, బుధవారం

రిబ్బన్ కత్తిరించారు. అక్కణ్ణుంచీ ఇక్కణ్ణుంచీ ఎవరెవరో వచ్చారు. పాత టేబుళ్ళలో ఎన్ని వరుసలున్నాయో కొత్తవాటిలోనూ అన్నే ఉన్నాయని పెద్ద తెర మీద చూపించి తూ దండం పెట్టాడు. చప్పట్లు. వరుసలు లెక్కకొచ్చాయి సరే, వాటిలో ఏముందో ఎవరు చూశారు? ఊరు వదిలిపోయేవాళ్ళ తలలు లెక్కపెట్టి, అందరూ క్షేమమే అన్నట్టుంది.

నేను రెండో అంతస్తులో ఇరుక్కున్న కాయితం పీకుతూ ఆ చప్పట్లు విన్నాను.

అక్టోబరు 22, బుధవారం

జరిగింది.

రేవు వైపు నుంచి యెన్ అనే ఆవిణ్ణి తీసుకొచ్చారు. ఆల్చిప్పలు వొలిచి అమ్ముకునే మనిషి. వొలిచేటప్పుడు అరచెయ్యి తెగి, చీము పట్టి, మోచేతిదాకా వాచింది. ఒళ్ళు పేలిపోయే జ్వరం, సంధి మాటలు. ఆవిణ్ణి దింపిన పక్కకొట్టు మనిషికి ఆవిడ పేరు తప్ప ఏమీ తెలీదు. నర్సు త్సాయ్-జెన్ ఆవిడనే అడిగిందట, ఏ మందైనా పడదా అత్తా అని. ఆవిడ తూకం రాళ్ళ గురించి ఏదో చెప్పిందట. స్క్రీన్ చూసింది. ఆకుపచ్చగా ‘ఏమీ లేవు’. డాక్టర్ పెన్సిలిన్ రాశాడు. త్సాయ్-జెన్ ఎక్కించింది.

ఊపిరి ఆగిపోయింది ఆవిడకి. మొహం వాచిపోయి కళ్ళు కనబడలేదట. గొంతులో గొట్టం వేసి ఐసీయూకి తీసుకెళ్ళారు.

నేను ఐసీయూ బయట నిలబడ్డాను. నన్నెవరూ రమ్మనలేదు. త్సాయ్-జెన్ నేల మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి తన చేతులు కానట్టు చూస్తూ.

అక్టోబరు 24, శుక్రవారం

త్సాయ్-జెన్‌ని డ్యూటీ నుంచి పక్కన పెట్టారు. రోగిని అడిగి నిర్ధారించుకోకుండా మందిచ్చిందట! సోమవారం కాక పైసోమవారం విచారణ.

నాకిప్పుడు గోడలు గుద్దాలనుంది.

అక్టోబరు 27, సోమవారం

యెన్ అత్తకి గొట్టం తీశారు. బతికింది. ఇది ముందు రాయాల్సింది, మిగతావన్నీ తర్వాత.

అక్టోబరు 29, బుధవారం

లాన్ స్వయంగా ప్రింటర్ల గదికొచ్చాడు. నెలాఖరుకి పాత సర్వర్ తుడిచేసి తిరిగి ఇచ్చెయ్యాలి, అది నీ చేతికి అలవాటైన యంత్రం గదా, నువ్వే తుడిచెయ్యి అన్నాడు. విచారణ మూడో తారీఖు. తుడవాల్సింది ముప్పయ్యొకటి. యెన్ అత్తని ఎవరూ అడగలేదన్న నిజం ఈ భూమ్మీద ఆ ఒక్క యంత్రంలోనే ఉంది.

విచారణ కానివ్వండి సార్ అన్నాను. ముందే అనుకున్న తేదీ అన్నాడు. కాయితం మీద రాసివ్వండి అన్నాను. నా వంక గుడ్లురిమి చూశాడు. నీకు పెన్షన్ అక్కర్లేదా అన్నాడు. ఆ మాటా రాసివ్వండి అన్నాను.

రాసివ్వలేదు.

అక్టోబరు 31, శుక్రవారం

తుడవలేదు.

అడగని గడులున్న రోగులందరి పేర్లూ బయటికి తీశాను. ప్రింటర్లు చూసుకోమన్నారుగా, చక్కగా పనిచేసే ప్రింటరే ఎంచుకున్నాను. కట్ట వూ అక్క చేతిలో పెట్టాను. బరువు చూసి తిట్టింది, నన్ను కాదు. లోపల వార్డుల్లో ఉన్నవాళ్ళని ఈ పూటే అడిగించేస్తాను, బయటివాళ్ళకి ఫోన్లు చేయిస్తాను, ఎవడు ఆపుతాడో రమ్మను అంది. ఎవడూ రాలేదు.

నవంబరు 3, సోమవారం, సాయంత్రం

విచారణ. ఉన్నదున్నట్టు రాస్తాను, రేపటికి కోపంలో రంగు మారిపోతుంది.

డైరెక్టర్, డిప్యూటీ, లాన్, తూ, వూ అక్క. త్సాయ్-జెన్ చివర కుర్చీలో. నన్ను పిలవలేదు. ప్రొజెక్టర్ పనిచేయడం లేదని కబురొస్తే వెళ్ళాను. అది పాడు చేసింది నేను కాదు, ఒట్టు.

లాన్ అంటున్నాడు, స్క్రీన్ అనేది సాయానికే, అడగడం నర్సు ధర్మం అని. వూ అక్క లేచింది. మేనేజర్‌గారూ, లిఫ్ట్‌లో అయిదు అని వెలిగితే దిగిపోతారా, మెట్లు దిగొచ్చి అంతస్తులు లెక్కపెడతారా? పైగా నాలుగంటే చావు అంకె అని మన దగ్గర నాలుగో అంతస్తే లేదు! అంది. డిప్యూటీ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నేను ప్రొజెక్టర్ వైరు బిగించి, పాత సర్వర్‌కి కలిపాను. యెన్ అత్త పేరు కొట్టాను. గోడ మీద ఎర్రగా వచ్చింది: ‘అడగలేదు’. పక్కనే కొత్తది తెరిచాను. ఆకుపచ్చగా ‘ఏమీ లేవు’. ఈ ఆకుపచ్చే అమ్మాయి చూసింది, ఆ ఎరుపునే మీరిలా మార్చింది అన్నాను. ఆగస్టులో చెప్పాను. సెప్టెంబరులో చెప్పాను. నన్ను ప్రింటర్ల గదిలో పడేశారు. ఇంకా ఏదో అరిచాను, గుర్తు లేదు. అన్నం డబ్బా గురించి కూడా అరిచానని వూ అక్క తర్వాత చెప్పింది.

వరుసల లెక్క సరిపోయింది కదా అన్నాడు తూ, చాలా నెమ్మదిగా.

త్సాయ్-జెన్ గోడ మీది ఎర్ర అక్షరాలని చూస్తూ ఏడుస్తోంది. తప్పు నాది కాదని తెలిసినా నా చేత్తోనే కదక్కా ఎక్కించాను అంది.

నవంబరు 5, బుధవారం

త్సాయ్-జెన్ మీద చర్య వెనక్కి తీసుకున్నారు. నాకు హెచ్చరిక కాయితం ఇచ్చారు, పైవాళ్ళ మాట విననందుకు. లాన్‌కి ఏమీ లేదు. నోటీసు బోర్డు మీద ‘సాంకేతిక లోపం’ అని పెట్టారు. ఎవరి లోపం అన్నది ఆ గడిలోనూ నల్లే.

నవంబరు 6, గురువారం

తూ వాళ్ళు ఆ కాలమ్ చేర్చేశారు. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. ఒక్క మధ్యాహ్నం!

పళ్ళు కొరుక్కుంటూ నేనే కూర్చుని పాతదాంట్లోంచి అన్నీ నింపాను. స్క్రీన్ నిండా ఎరుపు. కళ్ళకి చల్లగా ఉంది.

నవంబరు 10, సోమవారం

యెన్ అత్తని చూడ్డానికెళ్ళాను. మంచం మీద కూర్చుని జావ తాగుతోంది, గొంతు ఇంకా బొంగురే. ఎవరమ్మా నువ్వు అంది. కంప్యూటర్ల పని చేస్తాను అన్నాను. క్షమించమని ఎలా మొదలుపెట్టాలో తెలీక నిలబడ్డాను.

పెన్సిలిన్ పడదని నాకు చిన్నప్పుడే తెలుసు అంది. పోయినసారి కాలికి కుట్లు వేయించుకోవడానికి వచ్చినప్పుడు జనం కిక్కిరిసి ఉన్నారు, ఎవరూ అడగలేదు, పెద్దాసుపత్రి కదా వాళ్ళకే తెలుస్తుందిలే అనుకున్నాను అంది. అడిగితే చెప్పనా ఏం పిల్లా? నా నోరు అంత మంచిదేం కాదు, బజారంతా వినబడేట్టు చెబుదును.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. చాలాసేపు.

నవంబరు 21, శుక్రవారం

వార్డులన్నీ అడగడం పూర్తయింది. ఫోన్లు ఇంకా అవుతున్నాయి. మూడో అంతస్తులో ఒక తాత, మీకు ఏవైనా పడవా అని త్సాయ్-జెన్ అడిగితే, మా అల్లుడు పడడమ్మా అన్నాడట. తను ఆ గడిలో అలాగే ఎక్కించింది. నేను తీసెయ్యలేదు.