ఎడమ మూల గడ్డి

మా ఇంటావిడకి, నీ ఆయన రాసేది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమమని మొదటి వాక్యంలో రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మన అబ్బాయి మంచం దిగి చేతికర్రల మీద వంటింటిదాకా వస్తున్నాడు కనుక వాణ్ణి కూడా ఆ "అందరం"లో కలుపుకో. అక్కడ నువ్వూ, అమ్మాయీ, ఇరవై రెండు రోజుల మన మనవరాలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి స్థిమితపడ్డాను. పాప ఆవులిస్తే అచ్చం నా పోలికేనని రాశావు. తాత దగ్గర పిల్లకి అంతకంటే పనికొచ్చేది ఏదీ దొరకలేదన్నమాట.

ఫోనుండగా ఇంత పొడుగు ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోన్లో నువ్వు "ఊఁ, తర్వాత?" అంటావు. నాకు కంగారొచ్చి, తర్వాత ఏమీ లేదని పెట్టేస్తాను. పద్దెనిమిది రోజులుగా అదే జరుగుతోంది. కాగితం ఊఁ కొట్టదు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. రెండు రోజులు మరిచిపోయాను. ఇది దాచకుండా రాశాను కాబట్టి మిగతాది కూడా నమ్ము. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు రేపు వస్తానన్నాడు, ఆయన రేపులు నీకు తెలియనివి కావు. అబ్బాయి తింటున్నాడా అని అడిగావు. పెట్టింది తింటున్నాడు, ఏం పెట్టావని మాత్రం అడగడు. ఉప్పు లేకపోయినా గమనించడు. నా వంటని ఇంత ఓపికగా తినేవాడు దొరికితే సంతోషించాలి గానీ, నాకు భయమేస్తోంది.

ఇక డాక్టరు సంగతి. ఆరు నెలల్లో మళ్ళీ ఫుట్‌బాల్ ఆడతాడని నీకు ఫోన్లో చెప్పాను. అది డాక్టరు మాట కాదు, నా మాట. ఆపరేషన్ అయ్యాక ఆయన నన్ను పక్కగదిలోకి పిలిచి, "నడుస్తాడు, మెట్లెక్కుతాడు, రేపు పిల్లలు పుడితే వాళ్ళ వెంట పరిగెడతాడు. ఆట మాత్రం మరిచిపొమ్మనండి" అన్నారు. మోకాల్లో తెగిందానికి తోడు ఎముక చివర కూడా నలిగిందట. ఇరవై మూడేళ్ళవాడికి ఆ మాట నేనే చెప్పాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ దగ్గరైతే ఏడ్చేవాడేమో. నువ్వు లేవు, పాప బరువు పెరిగేదాకా రాలేవు. నీ తప్పేమీ లేదు, అమ్మాయి దగ్గరే ఉండు.

నీ చివరి ప్రశ్న చాలా కోపంగా రాశావు. కలం ఒత్తిడికి కాగితం వెనకవైపు కూడా తెలుస్తోంది. "ఆ టైల్సాయన వీణ్ణి ఎందుకు వదల్లేదండీ? వదిలి ఉంటే ఈపాటికి పెద్ద క్లబ్బులో ఉండేవాడు కదా. ఆ మనిషి చేతులు పడిపోను!" అన్నావు.

మనిషిని అమ్మడమేమిటని నువ్వు మొదటినుంచీ ఈసడించుకుంటూనే ఉన్నావు గనక మళ్ళీ చెప్తాను. ఫుట్‌బాల్‌లో ఆటగాడి కాంట్రాక్టు ఒక క్లబ్ దగ్గరుంటే ఇంకో క్లబ్ కొనుక్కోవచ్చు. సీజన్ మధ్యలో దానికి ఒక్క నెలే గడువు. ఆ నెల దాటితే మళ్ళీ సీజన్ అయ్యేదాకా ఆగాలి. పెద్ద క్లబ్ వాళ్ళు సరిగ్గా ఆ నెలలో వచ్చారు. మన క్లబ్ అప్పటికి పట్టికలో అడుగునుంచి రెండోది. మనవాడు కొట్టిన గోల్స్ తీసేస్తే అడుగునే. వాణ్ణి ఇచ్చేస్తే కింది లీగుకి పడిపోతాం, పడిపోతే సగంమంది పనివాళ్ళు ఇంటికెళ్ళాలి. అందుకే మన క్లబ్ ఛైర్మన్, టైల్స్ వ్యాపారం కాబట్టి నీకు టైల్సాయన, పత్రికలవాళ్ళని పిలిచి, "తూనీగ ఎక్కడికీ ఎగరడు. సీజన్ అయ్యాక చూద్దాం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు" అని తేల్చేశాడు. వాణ్ణి తూనీగ అని పిలిచే జనమంతా గేటు బయట చప్పట్లు కొట్టారు. వాడు రెండు రోజులు ప్రాక్టీసుకి పోలేదు, అన్నం సరిగా తినలేదు. మూడోరోజు కోచ్ వాడి చెవిలో ఒక మాట వేశాడు: గడువు ఆఖరి రోజు సోమవారం, అప్పుడు పెద్ద క్లబ్ ఇంకోసారి అడుగుతుంది, ఈసారి ఛైర్మన్ మెత్తబడతాడు, ఈలోపు ఒంటికి దెబ్బ తగలకుండా చూసుకో అని.

ఈలోపు ఉన్నది ఒక్క ఆటే, శనివారానిది.

టైల్సాయన్ని తిట్టుకోకు. ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ముక్కు చీదుకున్నాడు. "నేను వదిలేసి ఉండాల్సిందండీ, నా మొండితనం వాడి కాలు తీసింది" అని నాతో అన్నాడు. నేను ఆయన భుజం తట్టాను. కాదండీ అని మాత్రం అనలేదు. అనాల్సింది నేనే.

ఇక్కడిదాకా వచ్చాను, ఇక ఆగను.

ఆ శనివారానికి ముందు అయిదు రోజులు వాన. నేను చూసుకునే మైదానంలో ఎడమ మూల నీకు తెలుసు కదా, స్టాండు నీడ పడి గడ్డి సరిగా రాదని ఏడాది పొడుగునా నీ బుర్ర తినేవాణ్ణి. ఆ మైదానం నీకు సవతి అని నువ్వు ఎన్నిసార్లు అనలేదు! ఆ మూల గుమ్మమంత చోట గడ్డి లేచిపోయి బురద తేలింది. పొద్దున్నే ఆరింటికి స్పాంజీలతో నీళ్ళు పిండుతుంటే మనవాడు వచ్చాడు. తలమీద తువ్వాలు కప్పుకుని నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నాన్నా, ఈ మూల ఇవాళ ఆరదు కదా?"

"ఆరదు."

"పదింటికి రిఫరీ వచ్చి నిన్నే అడుగుతాడు. ఈ మాటే ఆయనకీ చెప్పు. ఆట వాయిదా పడుతుంది. నేను ఆడనంటే కాంట్రాక్టు ఒప్పుకోదు, నేల ఆడనివ్వనంటే ఎవరేమంటారు?"

"ఇరవై ఆరేళ్ళలో నా నేలవల్ల ఒక్క ఆట ఆగలేదురా."

"ఒక్కటి ఆగనీ. నాకోసం నాన్నా."

"చూద్దాంలే" అన్నాను.

వాడి మొహం విప్పారింది. మన ఇంట్లో నేను చూద్దాంలే అంటే ఔననేగా అర్థం! సైకిలు అడిగినా చూద్దాంలే అన్నాను, కొనిచ్చాను. బూట్లు అడిగినా అంతే. వాడు నా వీపు మీద ఒక చరుపు చరిచి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

వాడు గేటు దాటగానే నేను పార తీసుకుని ప్రాక్టీసు గ్రౌండుకి వెళ్ళాను. అక్కడ బాగా ఎదిగిన గడ్డిని మట్టితో సహా చాపలా కోసి తోపుడుబండిలో తెచ్చాను. బురద మీద ఇసక పోసి, దానిమీద ఆ గడ్డి పరిచి, బల్లచెక్క వేసి తొక్కి, అంచులు కనబడకుండా చీపురుతో దువ్వాను. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలుసు, అలా పరిచిన గడ్డి వేరు పట్టేదాకా నేలకి అంటుకోదని. కాలు గట్టిగా తిప్పితే గచ్చుమీద చాపలా జారుతుంది.

రిఫరీ వచ్చాడు, నాలుగు చోట్ల బంతి వేసి చూశాడు. "ఆ మూల ఎలా ఉంది?" అన్నాడు.

"భేషుగ్గా ఉంది సార్" అన్నాను.

"మీ మాట మీదే" అని కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ మూలకి నడవను కూడా నడవలేదు. ఇరవై ఆరేళ్ళుగా నా మాట అంత గట్టిది.

ఎందుకు చేశావని నువ్వు అడుగుతావు. ఆ నేల పరువుకోసం అని నాలుగు రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే. క్లబ్ వాణ్ణి అమ్మనన్న రోజున నువ్వు ఫోన్ చేసి, "పాపం పిల్లాడు, మీరేమన్నారు?" అంటే, ఏమంటాను అన్నాను గుర్తుందా? ఆ సాయంత్రం నా షెడ్డులో కూర్చుని రెండు చెంచాల చక్కెర ఎక్కువేసుకుని టీ తాగాను. అంత సంతోషమేసింది నాకు. అమ్మాయి వెళ్ళిపోయింది, దాని దగ్గరికి నువ్వూ వెళ్ళావు, వీడు కూడా పోతే ఈ ఇంట్లో నేనూ కారే కుళాయీ మిగులుతాం. సోమవారం టైల్సాయన మెత్తబడితే? వాడు శనివారం ఆడాలి, బాగా ఆడాలి, గోల్ కొట్టాలి, ఛైర్మన్ పిడికిలి ఇంకా బిగించుకోవాలి. నేను అనుకున్నది అదే. దెబ్బ తగులుతుందని అనుకోలేదు. వాడు ఎక్కువగా కుడివైపునే ఆడతాడు కదా, ఆ మూలకి ఎందుకొస్తాడనుకున్నాను.

రెండో సగంలో వచ్చాడు. బంతి బయటికి పోతుంటే ఆపి, ఎడమకాలు తొక్కిపెట్టి గిర్రున తిరిగాడు. గడ్డి జారింది. ఒళ్ళు తిరిగింది, కాలు తిరగలేదు. అవతలివాడు ఆ తర్వాతే వచ్చి మీద పడ్డాడు. జనం చూసింది ఆ పడ్డవాణ్ణే, ఇవాళ్టికీ వాణ్ణే తిడుతున్నారు. నేను గడ్డి అంచు పైకి మడత పడటం చూశాను.

స్ట్రెచరు వచ్చింది. కోచ్, ఫిజియో, జట్టంతా దాని వెంట పరిగెత్తారు. నేను మూలకి పరిగెత్తాను. కన్నకొడుకుని మోసుకెళ్తుంటే, నేను వాడివైపు పోకుండా ఆ గడ్డిని బూటుకాలితో తొక్కి సరిచేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను ఇంతవరకూ కడుక్కోలేదు కూడా, ఆ మీద పడ్డవాడి కాలికి పూశాను.

ఇంకా ఉంది. ఆపరేషన్ మర్నాడు వాడు కళ్ళు తెరిచి నన్ను చూసి అడిగిన మొదటి మాట ఇది: "నువ్వు నేల పనికిరాదనే చెప్పావు కదా నాన్నా? వాళ్ళే వినలేదు కదా?"

"అవున్రా" అన్నాను.

"నాకు తెలుసు" అని నా చెయ్యి పట్టుకుని మళ్ళీ నిద్రపోయాడు. నర్సు వచ్చి మాత్రల వేళ అయిందనేదాకా నేను ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పెద్ద క్లబ్ వాళ్ళు పూలగుత్తి పంపించారు, త్వరగా కోలుకోవాలని కార్డు పెట్టారు. అంతే, ఇంకో కబురు లేదు. నిన్న టైల్సాయన ఇంటికొచ్చాడు. వాడికి క్లబ్బులోనే పని ఇస్తాడట, నా దగ్గరే, నా తర్వాత ఆ మైదానం వాడే చూసుకోవాలట. పాపం, ఆయనకి తోచిన పరిహారం అది. వద్దంటాడని చూశాను. వాడు చేతికర్రల వంక చూసి సరేనన్నాడు. నేను కోరుకున్నట్టే నా కొడుకు నా దగ్గరే ఉండిపోతున్నాడు. కోరిక తీరడమంటే ఇదేనేమో తెలీదు.

ఆయన వెళ్ళాక వాడు, ఆ దెబ్బ తగిలినప్పటినుంచి మొదటిసారి, కొంచెం నవ్వు మొహంతో అడిగాడు. "సోమవారం నుంచి కుర్చీ వేసుకుని నీ పక్కన కూర్చుంటా. మొదట ఏం నేర్పుతావు నాన్నా?"

నేను పనిలో చేరిన మొదటిరోజు మా పాత మేస్త్రి నన్ను ఎండలో నిలబెట్టి మూడుసార్లు పలికించింది ఒకే మాట: కోసి పరిచిన గడ్డికి వేరు పట్టడానికి మూడు వారాలు, అప్పటిదాకా పిల్లిని కూడా నడవనివ్వకు. ఈ పనిలో అందరికీ మొదటి పాఠం అదే. వాడికీ అదే చెప్పాలి. విన్న క్షణంలోనే వాడికి తన కాలికింద ఏం జారిందో అర్థమవుతుంది, వాడు తెలివైనవాడు. పాఠం చెప్పేలోపే నిజం చెప్పాలి. రేపు ఆదివారం, చెప్పేస్తాను.

నువ్వు రాకముందే చెప్తున్నానని కోప్పడకు. నువ్వు గదిలో ఉంటే వాడు నీ మొహం చూసి నన్ను క్షమించేస్తాడు. అలాంటిది నాకొద్దు. వాడు ఏమంటే అది పడతాను. వాడు నన్ను ఇంట్లో ఉండొద్దంటే షెడ్డులో పడుకుంటాను, అక్కడ మంచం ఉంది, నువ్వు దానికి బెంగపడకు. నువ్వు కూడా ఏమనాలో ఆలోచించుకుని రాయి. వెంటనే రాయక్కర్లేదు. పాపకి స్నానం చేయించేటప్పుడు నీళ్ళు మోచేత్తో చూసుకో, అమ్మాయికి చెప్పినా వినదు.

ఇట్లు,
వాడి నాన్న