ఏడంతస్తుల విధేయత

గౌరవనీయులైన మేనేజరుగారికి,

మీ భవనం ఏడంతస్తులూ ఊడ్చి తుడిచే మా మేనత్త చెప్పగా, డిగ్రీ చదివిన నేరానికి నేను రాస్తున్నది. "ఊడ్చేవాళ్ళు లిఫ్టు ఎక్కరాదు" అని మీరు బోర్డు పెట్టినప్పటి నుంచి, లిఫ్టు నడిపే తాత తలుపు తీసి రమ్మన్నా, అత్త నీళ్ళ బకెట్టుతో మెట్లే ఎక్కుతోంది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఇంకో నెల ఇలాగే సాగితే పని మానుకోవాల్సిందే. బోర్డు తీయించగలరు.

ఇట్లు,
మేనకోడలు

తా.క.: ఆ బోర్డు మీద దుమ్ము కూడా రోజూ అత్తే తుడుస్తోంది.

---

అమ్మాయీ,

రూలు రూలే. అది పెద్దమనుషులు ఎక్కే లిఫ్టు. అది సరే, వారం నుంచి అందులో చెత్త ఎందుకు పేరుకుంది?

మేనేజరు

తా.క.: దస్తూరీ బాగుంది. ఏదైనా ఉద్యోగానికి పరీక్ష రాసుకో.

---

మహారాజశ్రీ మేనేజరుగారికి,

ఎక్కకుండా ఊడ్వడం అత్తకి ఇంకా పట్టుబడలేదు. గుమ్మం బయట నిలబడి చీపురు అందినంత మేర అద్దంలా ఉంచుతోంది. అవతలి మూలనున్న అరటితొక్క మీ రూలు కిందికి వస్తుంది.

విధేయురాలు,
మేనకోడలు

తా.క.: పరీక్ష రాశాను. పాసైతే బోర్డులు పెట్టే ఉద్యోగం, తప్పితే తుడిచే ఉద్యోగం.

---

అమ్మాయీ,

లోపలికెళ్ళే ఊడ్వమను. కానీ ఆమె లోపలున్నంతసేపూ లిఫ్టు కదలడానికి వీల్లేదు.

మేనేజరు

తా.క.: తొక్క మీద జారింది నేనే.

---

మేనేజరుగారి దివ్యసముఖానికి,

మీ ఆజ్ఞ ప్రకారం అత్త తొమ్మిది నుంచి పదకొండు దాకా లిఫ్టు తుడిచింది. అది అంగుళం కదల్లేదు. పెద్దమనుషులంతా నడిచే ఎక్కారు. ఐదో అంతస్తు ఆఫీసరుగారు "మనకి మెట్లు కూడా ఉన్నాయా?" అన్నారట.

పరమ విధేయురాలు,
మేనకోడలు

తా.క.: తర్వాత అత్త పైకెళ్తుంటే, నాలుగో అంతస్తు దగ్గర మీ యజమానిగారు ఇంకా ఆయాసపడుతున్నారు. బకెట్టు బోర్లించి కూర్చోబెట్టింది. "ఎవడు పెట్టాడమ్మా ఈ రూలు?" అని అడిగారు. అత్త అబద్ధమాడదు.

---

అమ్మా,

లిఫ్టు తన కోసం ఎప్పుడూ ఖాళీగా ఉండాలని యజమానిగారు ఇంకో బోర్డు పెట్టించారు: "జీతం తీసుకునేవాళ్ళెవరూ లిఫ్టు ఎక్కరాదు." నా గది ఆరో అంతస్తులో ఉంది. నా మోకాళ్ళ సంగతి నీకు తెలియదు. నా పేరున ఒక అర్జీ రాసిపెట్టాలి.

ఇట్లు,
మేనేజరు

తా.క.: ఎక్కడెక్కడ ఆగి ఊపిరి పీల్చుకోవాలో మీ అత్తగారు చూపించారు. మంచి మనిషి.

---

సాటి మెట్లవాసికి,

అర్జీ అక్కర్లేదు. లిఫ్టు తాతకి, ఆయన తీసుకునేదీ జీతమేనని అత్త గుర్తు చేసింది. ఈ ఉదయం తాత లిఫ్టు నడిపే తాళంచెవి జేబులో వేసుకుని, స్టూలు బయట వేసుకుని కూర్చున్నాడు. యజమానిగారు లోపల ఒంటరిగా పావుగంట మీటలన్నీ నొక్కి, చివరికి మెట్లెక్కి, నాలుగో అంతస్తు దగ్గర బకెట్టు కోసం వెతికారట. ఇవాళ అందులో నీళ్ళున్నాయని అత్త చెప్పింది. పదింటికల్లా రెండు బోర్డులూ ఊడాయి.

ఇట్లు,
మేనకోడలు

తా.క.: ఆయన బోర్డు మా నీళ్ళ బిందెకి మూతగా సరిపోయింది. మీది మీకే ఇద్దామని అత్త లిఫ్టులో ఆరో అంతస్తుకి వస్తోంది. తలుపు తీసి ఉంచండి.