పదహారేళ్ల ఐసు ముక్క

10 సెప్టెంబరు 2025, బుధవారం. ఉదయం 6

సిరి కనిపెట్టేసింది! దేవునికి స్తోత్రం, మా సిరి కనిపెట్టేసింది!

నిన్న సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. అప్పటినుంచి మూడుసార్లు టీ తాగాను, ఒక్కసారీ రుచి తెలియలేదు. సంతోషం మరీ ఎక్కువైతే ఒళ్లు మొద్దుబారిపోతుందని అరవై తొమ్మిదో ఏట తెలిసింది. ఎగరాలి. గంతులేయాలి. కుర్చీలో కూర్చుని గోడ చూస్తున్నాను.

మర్చిపోకముందే రాసుకోవాలి. కిందటి చలికాలం మా అమ్మాయి అంటార్కిటికా వెళ్లి మంచులో బోరు వేసింది. నేను ముప్పై ఏళ్లు నేలలో వేసినట్టే. నీళ్ల కోసం కాదు, మంచు కోసమే. అక్కడ పడ్డ మంచు కరగదట. ఏ ఏడాది మంచు ఆ ఏడాది పొరగా ఉండిపోతుంది. పైన కొత్తది, కింద పాతది. డ్రిల్లు గొట్టంలో అది ఐసు కడ్డీలా వస్తుంది. మూరెడు పైచిలుకు ముక్కలు. ప్రతి ముక్కకీ పైకొస ఎటో బాణం గీసి, సంచిలో పెట్టి, ఓడ మీద ఫ్రీజర్లో తెచ్చి, ల్యాబ్‌లో కోసి చూస్తారు. ఏ కాలంలో ఎంత చలి, ఎంత వేడి, ఎప్పుడు అగ్నిపర్వతం పేలింది, అన్నీ అందులో ఉంటాయట.

మాదీ అదే పద్ధతి. పది అడుగులు దిగిన ప్రతిసారీ వచ్చిన మట్టిని ఒక కుప్ప పెడతాం. కుప్పలన్నీ వరసగా ఉండాలి. ఎర్రమట్టి, జిగటమట్టి, గులక, ఇసుక. నీళ్లుండేది ఇసుకలోనే. అది ఎన్నో కుప్పలో ఉందో చూసి సరిగ్గా ఆ లోతులో కన్నాల పైపు దింపుతాం. ఈ మాట చెప్తే సిరి నవ్వింది. నువ్వూ సైంటిస్టువే నాన్నా అంది. ఆ ఒక్క మాట చాలు నాకు.

సిరికి దొరికిన ముక్కలో పదహారేళ్లున్నాయట. కొన్ని వందల ఏళ్ల కిందటివి. అందులో చలి మెల్లమెల్లగా పెరిగి పెరిగి, ఉన్నట్టుండి ఒక్క ఏడాదిలో వేడెక్కిపోయిందట. అలాంటిది ఆ వైపు ఎవరికీ ఇంతవరకు కనిపించలేదట. దాని మీద సైంటిస్టుల పత్రికకి పేపరు రాస్తున్నారు. సిరి పేరే ముందు. వచ్చే నవంబరులో మళ్లీ వెళ్లే టీంలో కూడా సిరి ఉంటుందని వాళ్ల ల్యాబ్ పెద్ద సారు మాటిచ్చారట.

పేపరు వచ్చేవరకు ఎవరికీ చెప్పకు నాన్నా అంది. అలాగే అన్నాను.

11 సెప్టెంబరు

ఎవరికీ చెప్పలేదు. లూర్దు మేరీకి చెప్పాను. కన్నతల్లి ఎవరో కాదు కదా.

12 సెప్టెంబరు

ధనరాజ్‌కి తెలిసిపోయింది. వాడు నా బావమరిది. కశింకోట రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. వాడికి చెప్పడమంటే ఆటోలో మైకు కట్టినట్టే. కానీ వాడే అడిగాడు. ఏటి బావా, మొకం ఎలిగిపోతంది, లాటరీ ఏటైనా తగిలిందా అన్నాడు. చెప్పకుండా ఎలా ఉంటాను. అంతా విని, నువ్వు నీళ్ల కోసం తవ్వేవు, మన సిరి గుంటేమో గడ్డకట్టిన నీళ్లు తవ్వతాది, మీ ఇంటికి నీళ్ల పిచ్చేటి బావా అన్నాడు. నవ్వాడు గానీ వెళ్తూ వెళ్తూ నా చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

14 సెప్టెంబరు, ఆదివారం. మధ్యాహ్నం

ఈరోజు చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఒకామె మోకాళ్ల నొప్పి తగ్గిందని చెప్పింది. ఒకాయన కొడుక్కి ఫార్మా కంపెనీలో ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. ఇంకెవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగారు. నా కాళ్లు నన్ను అడక్కుండానే లేచాయి. లూర్దు మేరీ చొక్కా అంచు పట్టుకుని కూకో, కూకో అంటూ లాగుతూనే ఉంది. చొక్కా చిరిగినా కూర్చునేవాణ్ని కాదు.

నా బిడ్డ లోకంలో ఎవరూ చూడనిది చూసిందన్నాను. దేవుడు మంచులో దాచిపెట్టిన సంగతి బోరు కూలోడి కూతురికి చూపించాడన్నాను. చలి పెరిగి పెరిగి ఒక్క ఏడాదిలో వేడెక్కిన వైనం మొత్తం చెప్పాను. చేతులు తిప్పి చూపించాను. అందరూ ఆమెన్ అన్నారు, చప్పట్లు కొట్టారు. మాట్లాడుతున్నంతసేపూ నా గొంతు నాకే వినపడలేదు. ఎవరో మాట్లాడుతుంటే పక్కన నిలబడ్డట్టు ఉంది.

ధనరాజ్ ఫోన్లో వీడియో తీశాడు. చర్చి గ్రూపులో పెట్టాడు. చుట్టాల గ్రూపులో కూడా.

 ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ లూర్దు మేరీ, అది వొద్దని సెప్పింది కదయ్యా, నీ నోటికి గొళ్లెం ఉండదా అంది.

17 సెప్టెంబరు

న్యూస్ పేపర్లో పడింది! జిల్లా పేజీలో! ‘మంచు గుట్టు విప్పిన అనకాపల్లి బిడ్డ’ అని. నిన్న విలేకరి వచ్చి చర్చి మెట్ల మీద నిలబెట్టి ఫొటో తీశాడు. అంటార్కిటికా బదులు ఉత్తర ధ్రువం అని రాశాడు. పోనీలే. రింగ్ రోడ్డు షాపులో లామినేషన్ చేయించాను.

18 సెప్టెంబరు

సిరి ఫోన్ చేసింది. ఈ సంగతి బయటికి ఎలా వెళ్లిందని పెద్ద సారు అడిగారట. మా నాన్న అని చెప్పిందట. వేరే ఊళ్ల నుంచి సైంటిస్టులు మెయిళ్లు పెట్టి, ఆ లెక్కలు మాకూ చూపించండి అంటున్నారట. క్షమించు తల్లీ అన్నాను. పరవాలేదులే నాన్నా అంది. ఆ గొంతులో ఏమీ లేదు. తిడితే బాగుండేది. వాళ్లకి చూపించే ముందు ఆ ముక్క ఇంకోసారి బయటికి తీసి చూస్తానని ఫోన్ పెట్టేసింది.

21 సెప్టెంబరు

ఫోన్ లేదు.

24 సెప్టెంబరు

లేదు. చేస్తే తీయలేదు. పనిలో ఉన్నాను అని మెసేజ్.

27 సెప్టెంబరు, శనివారం. సాయంత్రం 5

ఆ ముక్క తలకిందులుగా ఉందట.

ఎలా రాయాలో తెలియడం లేదు. సిరి ఫోన్లో చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

అక్కడ డ్రిల్లు గుడారంలో ఆ ముక్క తీసిన రోజు గాలి బాగా ఉందట. తోడుగా ఉన్న అతను గుడారం తాడు చూడ్డానికి బయటికి వెళ్లాడట. గొట్టంలోంచి ముక్క జారి ట్రేలో పడింది. బాణం గీయడానికి చేతి తొడుగు తీస్తే వేళ్లు స్పర్శ లేకుండా ఉన్నాయట. పెన్సిల్ పట్టుకున్నదీ లేనిదీ తెలియలేదట. బాణం గీసింది. కొస మార్చి గీసింది. పైది కిందయింది.

మొన్న ఆ ముక్కనీ, దాని కింద ముక్కనీ ఫ్రీజర్ గదిలో పక్కపక్కన పెట్టి చూసిందట. విరిగిన అంచులు కలవలేదు. తిప్పి పెడితే పగిలిన పింగాణీ పళ్లెం అతికినట్టు కలిసిపోయాయి. తిప్పి చదివితే కథ ఇంకోలా ఉంది. ఒక్కసారిగా చలి వచ్చింది, తర్వాత మెల్లమెల్లగా వేడెక్కింది. పెద్ద అగ్నిపర్వతం పేలితే జరిగేది అదేనట. అందరికీ తెలిసిందే. కొత్త ఏమీ లేదు. కనిపెట్టింది ఏమీ లేదు.

ఇది ఎవరికి తెలుసు అన్నాను. నాకే అంది. నిలువుగా కోసి సగం ముక్క పరీక్షలకి కరిగించేశారు, మిగతా సగం ఫ్రీజర్లో ఉంది, బాణం అలాగే వదిలేస్తే ఇంకో పదేళ్లు ఎవరూ తీసి చూడరు అంది. చెప్తే పేపరు పోతుంది. నవంబరు టీం పోతుంది. అక్కడ తన మాటకి విలువ పోతుందేమో.

అప్పుడు అడిగింది. నువ్వైతే ఏం చేస్తావు నాన్నా?

నోరు మూసుకుంటాను అన్నాను.

తండ్రిని. మంచి మాట చెప్పాల్సినవాణ్ని. కానీ అబద్ధం రాలేదు. ఇంకో మాట కూడా రాసేస్తాను, ఇక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు. సిరి చెప్తుంటే నాకు ముందు గుర్తొచ్చింది దాని ఉద్యోగం కాదు. నా సాక్ష్యం. ఆ చప్పట్లు. రేపు అది అబద్ధమని తెలిస్తే ఈ మొహం ఎక్కడ పెట్టుకోను అని.

 అన్నం తిన్నావా నాన్నా అని అడిగింది సిరి.

28 సెప్టెంబరు, ఆదివారం

చర్చికి వెళ్లాను. వచ్చే ఆదివారం నాకు శాలువా కప్పుతారట. సిరిని వీడియో కాల్లో తెరమీద చూపిస్తారట. అయ్యగారు అందరి ముందూ ప్రకటించారు. తల ఊపాను.

29 సెప్టెంబరు

అన్నం తిన్నాను. ఏం కూరో గుర్తులేదు.

30 సెప్టెంబరు

వాన. కూర్చున్నాను.

1 అక్టోబరు

లూర్దు మేరీ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఏటైనాదయ్యా నీకు, నాల్రోజులై గుడ్లప్పగించి కూకున్నావు, గుంటకేటైనా అయితే సెప్పు, నాను తట్టుకుంటాను అంది. చెప్పేశాను. ముక్క సంగతి, నేను చెప్పిన జవాబు, రెండూ.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అది నిన్ను అడిగింది దారి కోసం కాదయ్యా, తోడు కోసం అంది. ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. సెయ్యి అంది. బోరు కడ్డీలు పట్టీ పట్టీ నా వేలికొసలకి ఎప్పట్నుంచో స్పర్శ సరిగా లేదు, అదో వంక నాకు. నంబరు నొక్కలేదు. ఫోన్ ఒళ్లోనే చాలాసేపు ఉంది. తర్వాత ఆమే తీసుకుని ఛార్జింగ్ పెట్టింది.

2 అక్టోబరు

దసరా. సిరికి కూడా సెలవే. అయినా ఫోన్ రాలేదు. వీధిలో డప్పులు. ధనరాజ్ వచ్చి, శాలువా రోజున తెల్లపంచి కట్టు బావా, వీడియోలో తెలుపు బాగా పడతాది అన్నాడు. సరేనన్నాను.

3 అక్టోబరు, శుక్రవారం. సాయంత్రం 4

చెప్పేసింది! నా తల్లి చెప్పేసింది! ఎవరూ అడగకుండా, ఎవరూ పట్టుకోకుండా, తనంతట తనే చెప్పేసింది!

పొద్దున మీటింగులో పదకొండు మంది ఉన్నారట. లేచి నిలబడి, బాణం నేనే తప్పు గీశాను, ముక్క తలకిందులుగా ఉంది అని చెప్పిందట.  పెద్ద సారు పదండి అని ఫ్రీజర్ గదిలోకి వెళ్లి, తొడుగులు వేసుకుని, రెండు ముక్కలూ తన చేతులతోనే కలిపి చూశారట. అవును అన్నారట. అంతే. ఒక్క మాట.

పేపరు ఆపేశారు. నవంబరు టీంలో సిరి లేదు. తెచ్చిన రెండొందల పన్నెండు ముక్కలూ ఒక్కొక్కటి అంచు కలిపి మొదట్నుంచి మళ్లీ సరిచూడాలట. ఆ పని సిరికే ఇచ్చారు. నాలుగు నెలలు పడుతుంది. ఉద్యోగం ఉంది.

ఎలా చెప్పగలిగావమ్మా, నేను మూసుకోమన్నాను కదా అన్నాను. ఆ మాట అన్నప్పుడు నీ గొంతు బాగోలేదు నాన్నా అంది. జీవితాంతం అలాంటి గొంతుతో మాట్లాడాలంటే నాకు భయమేసింది అంది. తర్వాత ఆకలేస్తోంది, క్యాంటీన్లో బిర్యానీ అయిపోతుంది, ఉంటాను అంది.

ఫోన్ పెట్టాక మళ్లీ నాకేమీ తెలియలేదు. చేతులు, కాళ్లు, ఏవీ నావి కావు. ఇది సంతోషమేనా అని లూర్దు మేరీని అడిగాను. సంతోషమే గానీ ముందా చొక్కా తిరగేసి తొడుక్కో, కుట్లు పైకి కనబడతన్నాయి అంది.

సంతోషమే. కనిపెట్టినప్పటికంటే పెద్దది. లోకంలో ఎంతమంది కూతుళ్లు కనిపెడతారు, లెక్కలేనంత మంది. ఇలా చెప్పేవాళ్లు ఎంతమంది?

4 అక్టోబరు, శనివారం

శాలువా వద్దని అయ్యగారికి చెప్పాను. రేపు మాత్రం సాక్ష్యం చెప్తానన్నాను. అంతకంటే ముందు, ఈరోజే, వీళ్లకి చెప్పాలి. సిరి కనిపెట్టలేదు అని ఒకటి. తన తప్పు తనే చెప్పింది అని రెండు. రెండోది గట్టిగా.

ధనరాజ్. గ్రూపుల్లో వీడియో తీసేయమనాలి. నవ్వుతాడు. నవ్వనీ.

కుమారి పిన్ని, ఎస్. రాయవరం. చెవుడు. రెండుసార్లు చెప్పాలి.

తారక్ అల్లుడు, పాయకరావుపేట. పేపర్ కటింగ్ ఫ్రేము కట్టించాడట. గోడ మీంచి దింపమనాలి.

అయ్యప్ప తమ్ముడు. పిల్లల స్కూల్లో కూడా చెప్పేశాడు. అక్కడికి నేనే వెళ్తాను.

దేముడమ్మ అక్క, కశింకోట. ఫోన్ వద్దు. ఇంటికి వెళ్లి.

అక్కడే సత్తియ్య బావ. అక్క భర్త. ఈయనకి సిరి సంగతి తర్వాత. ముందు నా సంగతి. 1991లో నీ పొలంలో బోరు వేసినప్పుడు మధ్యాహ్నం మేకలు మట్టి కుప్పలు తొక్కేశాయి బావా. నేను ఊహ మీద మళ్లీ పేర్చాను. పైపు తప్పు లోతులో దింపాను. అందుకే నీళ్లు పడలేదు. నీ నేల మంచిదే.