బటన్ విడిచాను, యాదన్నా

యాదన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నిన్ననే నా రేడియో లైసెన్సు వచ్చింది! నువ్వు చెప్పినట్టే, అది చేతికొచ్చేదాకా ఆన్‌లో ఉన్న సెట్టు ముట్టలేదు.

పొద్దున ఒమాన్‌లో, సలాలా రేవులోనే రేడియో పరీక్షించాను. పదహారో ఛానల్ ఆపదలో ఉన్నవాళ్లకని వదిలేసి, మరో ఛానల్లో మన పడవ పేరు చెప్పి, వినబడుతోందా అని అడిగాను. ఊరికి ఫోన్ చేసినట్టు అరవలేదు. సెట్టు ఆపి నేర్పేటప్పుడు, "బటన్ ఇడిస్తెనే గదరా అవతలోడు మాట్లాడేది!" అని తిట్టేవాడివి. ఈసారి నొక్కి మాట్లాడి, వెంటనే విడిచాను.

పక్క పడవలోంచి కడప రహీం భాయ్ పలికాడు. "బాగా ఇనపడతాంది! అచ్చం యాదన్న మాట్లాడినట్టే ఉండాది."

కెప్టెన్ రేడియో ముందుండే నీ కుర్చీ నా వైపు జరిపాడు. దర్జాగా కూర్చున్నాను.

చెప్పాల్సింది చెప్పేశాను. బటన్ విడిచాను, అన్నా.